ఆఖరి పాటలో అరుపు

'తలుపు' అనే సీడీలో ఆఖరి పాట చివర వినిపించే అరుపు అతనిది కాదు. నాది.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా తెలియదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆ రోజు మాత్రం "నాన్నకు ప్రమాదం జరిగింది" అని ఒక్క ముక్క రాసి మూసేశాను. నాతోపాటు తెలిసినవాడు అతనొక్కడే. అతను పోయాడని మొన్న బీఎడ్ కాలేజీలో, మధ్యాహ్నం అన్నాల దగ్గర తెలిసింది.

పక్క బెంచీలో మా క్లాసు అబ్బాయిలు ఫోన్లో పాట పెట్టుకుని వింటున్నారు.

"ఒరేయ్, ఆగు. ఇప్పుడొస్తది చూడు, ఆఖర్లో ఆ అరుపు. ఒళ్ళు జలదరిస్తది."

"ఎవర్రా వీడు, దయ్యం పట్టినోడిలాగా?"

"మన గుంటూరోళ్ళేరా. పాడినాయన పోయిన వారం పోయాడంట, వేటపాలెంలో. ఊపిరందక."

"అట్టా అరిస్తే ఊపిరేం మిగులుద్ది లే!"

అందరూ నవ్వారు. ఫోన్లో నా అరుపు సన్నగా వినిపించి ఆగిపోయింది. నేను టిఫిన్ డబ్బా మూత పెట్టేశాను.

అప్పట్లో మా నాన్న గుంటూరు దాటాక చిలకలూరిపేట రోడ్డులో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెషిన్ ఆపరేటరు. ఆవరణలోనే రెండు గదుల క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మిర్చి బస్తాలు దాచే పెద్ద గదుల్ని, అంటే చాంబర్లను, చల్లబరిచేది అమ్మోనియా గ్యాసు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని మిగతా అమ్మలు ఎలా ఓ చెవి అటు పడేసి ఉంచుతారో, మా అమ్మ అలా మెషిన్ రూము వైపు ముక్కు పెట్టుకుని ఉండేది. గేటు పక్కన ఇనప స్తంభానికి నాన్న ఒక ఎర్ర లుంగీ పేలిక కట్టాడు. గ్యాసు లీకైతే గాలికి ఎదురు పరుగెత్తాలి. గాలి ఎటు వీస్తోందో ఆ పేలిక చెబుతుంది. నేను కాలేజీకి బయల్దేరినా, కొట్టుకు వెళ్ళినా నాన్న జాగ్రత్త అనేవాడు కాదు. "గాలి చూసుకో" అనేవాడు. ఇప్పటికీ ఎక్కడ జెండా కనబడినా నా కళ్ళు ముందు అది ఎటు ఊగుతోందో చూస్తాయి.

ఆ సీడీలో పాడిన అతను అక్కడే గేటు దగ్గర లారీల కాటా, అంటే తూకం, చూసేవాడు. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. హమాలీలు "కాటా బాబూ" అని పిలిచేవాళ్ళు. మిర్చి బస్తాను మా వైపు టిక్కీ అంటారు. ఏ టిక్కీ ఏ చాంబరుకు పోవాలో అతను కాటా గదిలోంచే కేకేస్తే, ఆవరణ చివర లారీ మీదున్న హమాలీకి కూడా వినబడేది. కంప్రెసర్ల హోరు మీదుగా వెళ్ళే గొంతు అదొక్కటే. ఆదివారాలు వాళ్ళ ఊరి చర్చిలో పాడేవాడు. వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చునేదట.

నా గొంతు దానికి పూర్తిగా ఎదురు. నాన్నకు క్యారేజీ తీసుకెళ్తూ కాటా గది దాటాలి. "ఏం పుస్తకం అండీ ఇవాళ?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. అతను చెవి వెనక చెయ్యి దొప్పలా పెట్టి, కిటికీలోంచి సగం బయటికి వంగి, "వినపళ్ళేదు లైబ్రరీ గారూ. కొంచెం గట్టిగా" అనేవాడు. చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉంటుందని నాకు ఆ పేరు పెట్టాడు. హమాలీలు నవ్వేవాళ్ళు. నేను తల దించుకుని వెళ్ళిపోయేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, అదే చెయ్యి, అదే మాట.

అంత గొంతున్న మనిషికి భయం లేని వస్తువు లేదు. లారీ వెనక్కి వస్తుంటే గోడకు అతుక్కుపోయేవాడు. బల్లి కనబడితే కాటా గది వదిలేసి బయట నిలబడేవాడు. వేళ కాని వేళ ఫోను మోగితే ఎత్తేవాడు కాదు. తన భయాన్ని మనిషిని పిలిచినట్టు "సారు" అని పిలిచేవాడు. గుండె మీద చెయ్యేసుకుని, "సారొచ్చాడండీ. ఒక్క నిమిషం ఆగండి, కూర్చోబెట్టొస్తా" అనేవాడు. అందరూ అది హాస్యం అనుకునేవాళ్ళు. చీటీ మీద అంకెలు కొట్టేసి మళ్ళీ మళ్ళీ రాయడం నేను చూశాను.

గుంటూరులో గది తీసుకుని ఉండే ముగ్గురు ఇంజనీరింగు కుర్రాళ్ళతో అతనికి ఒక బ్యాండు ఉండేది. పేరు 'ఘాటు'. వాళ్ళు వాయించేదాన్ని మెటల్‌కోర్ అంటారని అతనే చెప్పాడు. "అంటే ఏంటండీ?" అని అడిగితే, "సగం పాటండీ, సగం కేకలు. కోపమొచ్చిన చర్చిలాగా ఉంటది" అన్నాడు.

మొదటి సీడీ నాకూ ఒకటి ఇచ్చాడు. గిటార్లు గరగరలాడుతుంటే అతను కేకలేస్తాడు. ఉన్నట్టుండి ఆ కేకలు ఆగి, చర్చిలో పాడే గొంతు పైకి లేస్తుంది. ఎండలో నడిచి నడిచి కుండ నీళ్ళు తాగినట్టుండేది. వాళ్ళమ్మ ఒకసారి కొడుక్కి అన్నం తెచ్చి కాటా గదిలో కూర్చుని ఆ పాట విని, "పాడే ముక్క బంగారంలా ఉందిరా. ఆ తరవాత నీకేమైంది? కడుపులో నొప్పా?" అంది. అతను నవ్వలేక నవ్వలేక తల బల్లకేసి కొట్టుకున్నాడు.

రెండో సీడీ 'తలుపు'లో పాడే ముక్క లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆ వేసవిలో జరిగింది చెప్పాలి.

ఒక రోజు టిక్కీల గుర్తులు సరిచూడ్డానికి అతను చాంబర్లోకి వెళ్ళాడు. లోపల మనిషున్నాడని చూడక, హమాలీలు దీపం ఆర్పి, తలుపేసి అన్నాలకు వెళ్ళిపోయారు. జానెడు మందం తలుపు. గోడల నిండా థర్మాకోలు. లోపలి నుంచి తెరిచే మర ఎప్పుడో బిగుసుకుపోయింది. చుట్టూ పైకప్పు దాకా మిర్చి, మంచుగడ్డలాంటి చలి, చీకటి. అన్నాలు తిని వచ్చి తలుపు తీసిన మేస్త్రీ అతన్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"నువ్వు లోపలున్నావా కాటా బాబూ? ఒక్క కేకేస్తే తీసేవాళ్ళం గదయ్యా!"

అతను అప్పటిదాకా కేకలేస్తూనే ఉన్నాడు. ఆ ఆవరణలో అందరికన్నా పెద్ద గొంతు అతనిది.

ఆ రోజు నుంచి ఏ చాంబర్లోకి వెళ్ళినా ముందు గడప మీద ఒక ఇటుక పెట్టేవాడు, తలుపు మూసుకుపోకుండా. ఆ ఇటుక కాటా గదిలో, కంప్యూటరు పక్కన ఉండేది. దానికి దుమ్ము కూడా తుడిచేవాడు. హమాలీలు "ఇటుకకు బొట్టు పెట్టలేదేం బాబూ?" అని ఏడిపిస్తే, "మేం బొట్టు పెట్టం గదా, ప్రార్థన చేయించా" అనేవాడు.

ఆ తరవాత అతను రాసిన పాటలన్నీ ఆ చాంబరు గురించే. గిటారు తీగల్ని బాగా వదులు చేశారు. పాట పాతాళంలోకి దిగిపోయినట్టుండేది. వేగం తగ్గింది, బరువు పెరిగింది. ఒక్క పాట కాటా గదిలో వినిపించాడు. నేను మధ్యలోనే ఆపమన్నాను.

"పాడే ముక్క ఏదండీ?" అని అడిగాను.

అతను చెవి వెనక చెయ్యి పెట్టకుండానే జవాబు చెప్పాడు. "లోపలున్నప్పుడు పాట రాలేదండీ. రానిదాన్ని వచ్చిందని ఎట్టా పెడతాం?"

ఆఖరి పాటలో ఉన్నది ఒకటే మాట. "తెరవండి." దాని మీద గిటారు అబ్బాయికీ అతనికీ నా ముందే గొడవైంది.

"మెటల్‌లో 'అండి' ఏందిరా? 'తెరవరా' అని అరువు!"

"బయట పెద్దోళ్ళెవరైనా ఉంటే?"

"నువ్వు చస్తుంటే కూడా మర్యాదేనా?"

"చస్తున్నప్పుడే గదరా ఎదుటోడితో పనిబడేది!"

రికార్డింగుకు గుంటూరులో వాళ్ళు ఉండే వీధివాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు అతనే అన్నాడు, చాంబర్లో చేద్దామని. జనవరి నెల. పాత సరుకు పోయి చాంబర్లు ఖాళీగా ఉన్నాయి. కొత్త కాయ రావడానికి ఇంకా టైముంది. గ్యాసు ఆపి మెషిన్లకు మరమ్మతులు చేస్తున్నారు. మేనేజరు సరేనన్నాడు. చప్పుడు ఎక్కడికీ పోదు. బయటి చప్పుడు లోపలికి రాదు. కానీ దానికి తలుపు వెయ్యాలి. ఇటుక పెడితే కుదరదు.

"లైబ్రరీ గారు తలుపు బయట కూర్చుంటేనే వేస్తా" అన్నాడు నాన్నతో. "ఇంకెవరైనా ఐతే బీడీ కాల్చుకోడానికి పోతారు. ఆవిడ పుస్తకం పట్టుకుంటే కదలదు."

అలా నేను కూర్చున్నాను. చాంబర్ల ముందున్న సన్నటి వసారాలో స్టూలు, ఒళ్ళో పుస్తకం, కాళ్ళ దగ్గర ఆ ఇటుక. దాన్ని లోపలికి వెళ్ళే ముందు నా చేతికిచ్చి మరీ వెళ్ళేవాడు. "లోపల దడదడ ఆగిన వెంటనే తీసెయ్యండి. ఆలోచించొద్దు. మీరు ఆలోచిస్తారండీ, అదే నా భయం."

తలుపుకు వీపు ఆనిస్తే డ్రమ్ముల అదురు వెన్నులోకి వచ్చేది. మాట ఒక్కటీ వినబడేది కాదు. నేను ఒక్క పేజీ కూడా చదివేదాన్ని కాదు. దడదడ ఆగగానే రెండు చేతులతో లీవరు లాగేదాన్ని. అతను చెమటతో తడిసి, ముందు నా మొహం చూసి, తరవాత వెలుతురు చూసి, "ఉన్నారా?" అనేవాడు. ప్రతి పాటకూ అదే. "ఉన్నారా?"

మొదటి రోజు డ్రమ్ము మీద కర్ర పడగానే చెక్క అటకల సందుల్లోంచి ఏళ్ళనాటి కారం పొడి రాలింది. నలుగురూ దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చి పడ్డారు. గిటారు అబ్బాయి ముక్కు తుడుచుకుంటూ, "బ్యాండుకు 'ఘాటు' అని పేరు పెట్టినోణ్ణి చంపెయ్యాలి" అన్నాడు. అప్పటి నుంచి నీళ్ళు చల్లి, మొహాలకు రుమాళ్ళు కట్టుకుని వాయించారు. దగ్గు వస్తే కారమే అనుకుని ఊరుకోవడం అందరికీ అలవాటైంది. నాక్కూడా. వసారాలో కూర్చున్నా కళ్ళు మండుతూనే ఉండేవి.

ఆఖరి పాట రోజు మధ్యాహ్నం నాన్న మెషిన్ రూములో కొత్తగా గ్యాసు ఎక్కించి పరీక్ష చేస్తున్నాడు. అమ్మ పర్చూరులో పెళ్ళికి వెళ్ళింది. నా వెన్నుకు తలుపు అదురుతోంది. కళ్ళు మండాయి. కారం అనుకుని కొంగుతో తుడుచుకున్నాను. గొంతు పట్టుకుంది. కారం అనుకుని నీళ్ళు తాగాను. మూడోసారి గాలి పీలిస్తే ముక్కులో సూది దిగినట్టయింది. అప్పుడు తెలిసింది. కారానికి ఆ వాసన ఉండదు.

మెషిన్ రూము కిటికీలో నాన్న మొహం కనబడింది. "బయటికి పోమ్మా! గాలి చూసుకో!" అని అరిచి వెనక్కి తిరిగాడు. ఏదో వాల్వు మూయడానికి. మళ్ళీ కిటికీలో కనబడలేదు.

వసారా చివరి నుంచి పేలిక చూశాను. పడమరకు ఊగుతోంది. అంటే నేను తూర్పుకు, గేటు వైపు పరుగెత్తాలి. తలుపు నా వెనక ఉంది. తెల్లటి పొగ అటే వస్తోంది. నిజం రాస్తున్నాను, రెండడుగులు గేటు వైపే వేశాను. కాలికి ఇటుక తగిలింది.

వెనక్కి వెళ్ళి, ఊపిరి బిగబట్టి లీవరు లాగాను. తలుపు తెరుచుకుంది. లోపల చిన్న దీపం. ముగ్గురూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అటు తిరిగి వాయిస్తున్నారు. అతను మైకు ముందు కళ్ళు మూసుకుని "తెరవండి, తెరవండి" అని అరుస్తున్నాడు. తెరిచే ఉంది. నేను గడప మీదే ఉన్నాను. "గ్యాసు" అన్నాను. "రండి" అన్నాను. నా మాట నాకే వినబడలేదు. అతను ఆగి మళ్ళీ ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ఊపిరితో గ్యాసు లోపలికి పోతుందని తోచింది నాకు.

అప్పుడు వచ్చింది అది. నేను అరవాలని అనుకోలేదు. అందులో మాట లేదు. నా కాళ్ళ కింద నుంచి ఎవరో లాగి పారేసినట్టు వచ్చింది. డ్రమ్ముల మీదుగా, గిటార్ల మీదుగా వెళ్ళి ఆ గోడలకు తగిలింది. మిగతా ముగ్గురూ అది అతనిదే అనుకున్నారు. అతను మాత్రం కళ్ళు తెరిచి, నా వైపు చూశాడు.

గేటు దాకా పరుగెత్తాం. డ్రమ్ముల అబ్బాయి కాళ్ళకు చెప్పుల్లేవు. అందరూ దగ్గుతున్నారు. అతను నన్ను చూసి, "నాన్నేరండీ?" అన్నాడు. నేను మెషిన్ రూము వైపు చూపించాను.

అతను కాటా గది ముందున్న ఖాళీ గోతం ఒకటి తీసి నీళ్ళ తొట్లో ముంచాడు. గిటారు అబ్బాయి చొక్కా పట్టుకుని, "నీకు పిచ్చా? ఫైరింజనొస్తది, ఆగరా!" అని ఏడుపు గొంతుతో అరిచాడు. అతను ఆ గోతాన్ని తల మీద కప్పుకుని, పక్కన ఎవరో నిలబడ్డట్టు అటు తిరిగి, "పదండి సార్. మీరూ రండి. ఒక్కణ్ణీ పోలేను" అన్నాడు. వంగి పరుగెత్తాడు.

ఆ తరవాత నేను చూసింది పేలికనే. అది ఇటు తిరగకూడదని చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. లోపల ఏదో పడ్డ చప్పుడైంది. మళ్ళీ ఏమీ లేదు. పేలిక ఒకసారి జారి స్తంభానికి అంటుకుంది. గాలి ఆగింది. ఆ క్షణం లాంటి భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు. తరవాత మళ్ళీ పడమరకే ఊగింది. పొగలోంచి అతను వీపు ముందుకు పెట్టి వచ్చాడు, నాన్నను చంకల కింద పట్టుకుని ఈడుస్తూ. నాన్న మొహం మీద తడి గోతం ఉంది. అతని మొహం మీద లేదు.

నాన్న చూపు వర్షాలు పడేనాటికి బాగైంది. అతని గొంతు బాగు కాలేదు. పెద్దాసుపత్రిలో గొంతు లోపల కాలిందన్నారు. గుసగుస మిగిలింది. కాటా గదిలోకి కొత్త మనిషి వచ్చాడు. గొంతు పోయిన అతను ఆదివారం చర్చిలో నిలబడి పెదాలు మాత్రం కదిపేవాడట. "నాకు వినబడుద్దమ్మా" అంది వాళ్ళమ్మ, నాన్నను చూడ్డానికి వచ్చినప్పుడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రోజు లోపల లాప్‌టాప్ ఎవరూ ఆపలేదు. అన్నీ అందులో పడ్డాయి. ఒక సాయంత్రం అతను ఇయర్‌ఫోన్లు తెచ్చి మా మెట్ల మీద కూర్చున్నాడు. విన్నాను. "తెరవండి" అనే అతని గొంతు, అతను తీసుకున్న ఊపిరి, దాని మీద నేను. తరవాత పరుగులు, ఒక డ్రమ్ము కర్ర దొర్లడం, నిశ్శబ్దం. నా గొంతు నేను బయటి నుంచి వినడం అదే మొదలు.

"సారు మీ దగ్గరకీ వస్తాడన్నమాట" అన్నాడు గుసగుసగా. "ఉంచమంటారా?"

తలూపాను.

"పేరు వెయ్యమంటారా?"

వద్దని అడ్డంగా ఊపాను. మిగతా ముగ్గురికీ కూడా చెప్పొద్దన్నట్టు చెయ్యి చూపించాను. అతను మాటిచ్చినట్టు గుండె మీద చెయ్యేసుకున్నాడు. సీడీ వచ్చింది. అది అతని గొంతులో చివరి అరుపని జనం చెప్పుకున్నారు. అతను కాదనలేదు.

ఆ తరవాత వేటపాలెంలో వాళ్ళక్క దగ్గర ఉంటూ జీడిపప్పు యూనిట్లో గేటు పని చేస్తున్నాడని విన్నాను. పోయినేడు పరీక్ష రాసి వస్తూ చీరాల బస్టాండులో చూశాను. సన్నబడ్డాడు. ప్రతి మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "ఏం పుస్తకం?" అని పెదాలతో అడిగాడు. సంచిలోంచి తీసి చూపించాను. నా బస్సు వచ్చింది. నన్ను ఎక్కించి కిటికీ కింద నిలబడ్డాడు. కండక్టరు "చిలకలూరిపేట, గుంటూరు" అని అరుస్తున్నాడు. ఇంజను మొదలైంది. ఇన్నాళ్ళూ దాచుకున్నది అప్పుడైనా అనాలని కిటికీలోంచి వంగాను.

"ఆ రోజు మా నాన్న కోసం మీరు లోపలికి వెళ్ళకపోయుంటే..." అన్నాను. మిగతాది నోట్లోనే ఉండిపోయింది.

బస్సు కదిలింది. అతను దాని పక్కనే నాలుగడుగులు నడిచాడు. నవ్వుతూ చెవి వెనక చెయ్యి దొప్పలా పెట్టి, గొంతు లేని గొంతుతో అన్నాడు:

"వినపళ్ళేదు లైబ్రరీ గారూ. కొంచెం గట్టిగా."